ఊఁ కొట్టిన పనసచెక్క

రంపం మేస్త్రి అసలు పేరేమిటో ఆ వీధిలో ఎవరికీ అక్కర్లేకపోయింది. కలప అడితిలో, దుంగల్ని పలకలుగా కోసే పెద్ద రంపం దగ్గర బతుకంతా నిలబడ్డవాణ్ణి ఇంకేమని పిలుస్తారు? వెనకాల మాత్రం ఊఁకొట్టు మేస్త్రి అనేవాళ్ళు. ఏం చెప్పినా ఊఁ. వాన పడేలా ఉందంటే ఊఁ, పడేలా లేదంటే దానికీ ఊఁ. ఈయనతో పందెం కాసి ఓడినవాడూ లేడు, గెలిచినవాడూ లేడు అని ఎదురుగా కటింగు షాపతను నవ్వేవాడు.

నవ్వితే నవ్వారు గానీ, ఆ ఊఁ వెనక సంగతి తెలిస్తే ఎవడికీ నవ్వు రాదు. రంపం తిరుగుతున్నప్పుడు పక్కనే పిడుగు పడినా వినపడదు. అందుకని అడితి పనివాళ్ళకి ఒక పద్ధతి ఉంది. అవతలివాడి పెదాలు కదిలితే చాలు, వాడి వైపు చూసి తలూపి ఊఁ అనాలి. నువ్వు చెప్పింది విన్నాననీ కాదు, ఒప్పుకున్నాననీ కాదు. నా కళ్ళు నీ మీదే ఉన్నాయి, పని కానివ్వు, అని. అంతే దానర్థం. ఆ ఊఁ మీద నమ్మకంతోనే మనుషులు రంపం పక్కన చేతులు పెట్టి పనిచేసి, సాయంత్రానికి వేళ్ళన్నీ సరిగ్గా ఉండగా ఇళ్ళకి పోయేవాళ్ళు. మేస్త్రి చేసిన తప్పల్లా, ఆ ఊఁని చొక్కా దుమ్ముతోపాటు అడితి గుమ్మంలో దులిపేసుకు రాకుండా ఇంటికి తెచ్చుకోవడం. ఇంట్లో ఊఁ అంటే సరే అని కదా అర్థం.

చెవులు ఒక్కరోజులో పోలేదు. ముందు పిట్టల అరుపు పోయింది. తర్వాత గిన్నెల చప్పుడు, తలుపు గంట, పిల్లల మాటలు. చివరికి భార్య గొంతు పోయింది. ఆవిడది సన్నటి గొంతు. ముందుగదిలో కుట్టుమిషన్ దగ్గర కూర్చుని, ఇరుగు పొరుగు బట్టలు కుడుతూ పొద్దస్తమానం ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. మిషన్ గడగడ ఆయనకి అందేది. మాట అందేది కాదు. "ఏమన్నావ్?" అని ఒక్కసారి అడిగితే ముత్యాలు రాలిపోతాయా? మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఈయనకి మొండితనంతోపాటు సిగ్గు కూడా జతపడింది. చెవిటి మొగుడు అన్న మాట ఆవిడ నోట వినాల్సొస్తుందని భయం. వినపడదని తెలిసీ భయం, చూడండి. అందుకని ఆవిడ పెదాలు కదిలినప్పుడల్లా చేతిలో పని ఆపి, ఆవిడ ముఖంలోకి చూసి ఊఁ అనేవాడు. ఆవిడ నవ్వితే తనూ నవ్వేవాడు. ఆవిడ నుదురు ముడిపడితే "అంతేలే" అనేవాడు. ఏళ్ళకేళ్ళు అలా గడిపేశాడు.

ఒకరోజు అడితిలో వెనకనుంచి ఎవరో ఆపమని అరిచారు. మేస్త్రి ఆపలేదు. తోటివాడి చొక్కా చెయ్యి రంపం పళ్ళకి చిక్కుకుని చిరిగిపోయింది. చొక్కాతో పోయింది గనక సరిపోయింది. మేస్త్రి రంపం కట్టేసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఇంటికొచ్చి, మోకాళ్ళు పట్టేశాయి ఇక పనికి వెళ్ళనని భార్యతో అన్నాడు. ఆవిడ మోకాళ్ళకేసి చూసింది, ముఖంకేసి చూసింది. ఏదో అంది. ఈయన ఊఁ అన్నాడు.

కిందటి వానాకాలం ఆవిడకి జ్వరం వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆస్పత్రి మంచానికి అటు కూతురు, ఇటు ఈయన. ఆవిడ ఈయన చెయ్యి పట్టుకుని, ఈయన కళ్ళలోకి చూసి ఏదో అంది. చిన్న మాటే. ఈయన అలవాటు ప్రకారం ఊఁ అన్నాడు. ఆవిడ నవ్వి, కూతురివైపు తిరిగి ఇంకేదో అని కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు.

దేనికి ఊఁ అన్నాడు? అదే ఆయన్ని తొలిచేసింది. ఆఖరిమాటకి మాటిచ్చాడు, ఏం మాటిచ్చాడో తెలియదు. కూతురికి తెలుసు. కానీ అడగాలంటే వినపడలేదని ఒప్పుకోవాలి. ఆ ఒక్కసారే కాదు, అన్నేళ్ళూ వినపడలేదని ఒప్పుకోవాలి. గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. మింగలేడు, కక్కలేడు.

ఆవిడ పోయాక ఇంట్లో ఉన్న ఒక్క చప్పుడూ పోయింది. కొన్నాళ్ళు దారం లేకుండా ఒట్టి మిషన్ తొక్కుతూ కూర్చునేవాడు. కాళ్ళ కింద గడగడ ఉంటే పక్కన మనిషున్నట్టే ఉండేది. తొక్కడం ఆపి తలెత్తితే ఎదురుగా గోడ. ఎవరికీ చెప్పకుండా చెవుల డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాడు. సన్నటి చప్పుళ్ళు పోయాయి, ఇక రావు, లావు చప్పుళ్ళు మిగిలాయి గానీ అవీ మెల్లగా పోతాయి అని డాక్టరు చేతులూపి మరీ చెప్పాడు. చెవికి మిషన్ పెట్టుకోమన్నాడు. ఈయన ఊఁ అని బయటికొచ్చేశాడు.

వీధి చివర ఫంక్షన్ హాలుంది. ఒక సాయంత్రం దాని గోడ పక్కనుంచి నడుస్తూంటే గోడ వణికింది. గోడకి చెయ్యి ఆనించాడు. అరచేతిలోంచి మోచేతికి, అక్కణ్ణుంచి పక్కటెముకల్లోకి ఏదో వచ్చి చేరింది. ఒక్కో మెట్టూ దిగుతున్న మనిషి అడుగుల్లా, లావుగా, నిదానంగా. ఒక చప్పుడు మొత్తంగా తనకి అంది ఎన్నేళ్ళయిందో. లోపలికి వెళ్ళి చూస్తే పాటవాళ్ళ వరసలో వెనకగా ఒకతను లావాటి నాలుగు తీగల వాద్యం పట్టుకుని నిలబడ్డాడు. అందరూ పాడేవాణ్ణి చూస్తున్నారు, అతన్నెవరూ చూడటం లేదు.

అదేమిటని మేస్త్రి అక్కడున్న మైకుసెట్టు అతన్ని అడిగాడు. పెట్టెల మోతకి అతనికీ చెవులు అంతంతమాత్రమే, అందుకని ఎప్పుడూ అరిచే మాట్లాడతాడు. వీధిలో మేస్త్రికి మాట అందేది అతనొక్కడిదే.

"అది బాస్ గిటారు మేస్త్రీగారూ" అని అరిచాడతను. "వాయిస్తున్నంతసేపూ ఎవడూ పట్టించుకోడు. ఆపితే మాత్రం పాట బోసిపోతుంది."

మేస్త్రి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. బోసిపోవడమంటే ఏమిటో ఆయనకి ఒకరు చెప్పాలా?

మర్నాడే మైకుసెట్టు అతని కొట్టుకెళ్ళి, అలాంటిది చేసుకుంటానన్నాడు. మిగిలిన ఆ లావు చప్పుళ్ళు కూడా పోకముందే, తన చేత్తో తను చేసిన చెక్కలోంచి ఒక్క చప్పుడు నిండా వినాలి. అంతకుమించి కోరికేం లేదు. ఈ వయసులో ఇదేం పిచ్చి అనకుండా, ఆ మంచిమనిషి పాడైపోయిన గిటారొకటి విప్పి చూపించాడు. తీగలు, బిరడాలు, తీగల కింద బిగించే అయస్కాంతపు చుట్ట నేనిస్తాను, చెక్క సంగతి మాత్రం నాకు తెలియదు అన్నాడు. చెక్క సంగతి నాకొదిలెయ్ అన్నాడు మేస్త్రి. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూడాల్సింది. ఏడాదిగా వంగిపోయిన నడుము ఒక్కసారి నిటారుగా అయింది.

ఇక అడితిలో తమాషా మొదలైంది. ఈయన పలకలు ఎంచే తీరు చూసి పనివాళ్ళు రంపం ఆపి మరీ నవ్వారు. చెక్క ఎంచేవాడెవడైనా మెటికతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. చెవి ఉన్నవాడి పద్ధతి అది. ఈయన పలక అంచు పంటితో కరిచిపట్టి, అప్పుడు మెటికతో కొట్టేవాడు. చెవిలోకి రానిది దవడ ఎముకలోంచి వచ్చేది. మేస్త్రికి ఇంట్లో వండిపెట్టేవాళ్ళు లేక కలప తినడానికొచ్చాడ్రా అన్నారెవరో. ఆయనకి వినపడలేదు. వినపడకపోవడంలో అదొక్కటే సుఖం.

మామిడిని కరిచి చూశాడు. ఏదో చెప్పబోయి మర్చిపోయిన ముసలాడిలా గుడగుడమని ఆగిపోయింది. దేవదారు తేలికే, కానీ గోరు దిగిపోయేంత మెత్తన. దాని పలుకంతా పైపైన సన్నగా పోయింది, పంటిదాకా రాలేదు. టేకు పెద్ద ఆఫీసరులా ఒక్కమాట గట్టిగా చెప్పి నోరు మూసుకుంది. గిటారు ఒంటికి టేకు వద్దనుకున్నాడు, మెడకి మాత్రం అదే సరైందనుకున్నాడు. లావు తీగలు నాలుగు బిగిస్తే మెడ మీద పడే లాగుడు మామూలుది కాదు, పచ్చి చెక్కయితే నాలుగు రోజుల్లో విల్లులా వంగి కూర్చుంటుంది. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు ఎవర్నో తిట్టడానికి అన్నారు గానీ, మేస్త్రికి కావలసింది సరిగ్గా ఆ వంగని రకమే. పడగొట్టిన పాత ఇంటి కిటికీ చట్రాల్లోంచి, గీతలన్నీ కొసదాకా తిన్నగా సాగిన టేకు ముక్కొకటి దొరికింది. కంటి దగ్గర పెట్టుకుని బారు చూసుకుంటే తాడు లాగినట్టుంది. వేళ్ళు ఆడే పలకకి, అడితి మూలలో ఏళ్ళ తరబడి పడున్న చింత దుంగ చేవ కోసుకున్నాడు. నల్లగా, ఇనుములా ఉండే ఆ చేవ రంపం పళ్ళు విరగ్గొట్టిందని అందరూ దాన్ని తిట్టేవాళ్ళు. దాన్నెవరూ ముట్టుకోరు గనక అడిగిన వెంటనే ఇచ్చేశారు.

మెడ కుదిరింది, వేళ్ళ పలక కుదిరింది, ఒళ్ళే కుదరలేదు. తీగ వణుకుని దాచుకోకుండా, తుంచెయ్యకుండా, పట్టుకుని నిలబెట్టే చెక్క అడితి మొత్తంలో దొరకలేదు. ఇంటికొచ్చి నడుం వాల్చి పైకి చూస్తే అటక కనపడింది. అటక మీద పనసపలక గుర్తొచ్చింది.

కూతురు పుట్టిన ఏడు అడితికి ఒక పెద్ద పనస దుంగ వచ్చింది. దాని నడిమి పలక, తనే కోసింది, యజమానిని అడిగి తెచ్చుకున్నాడు. మంచిపనికి వాడదామని అటకెక్కించి మర్చిపోయాడు. ఇప్పుడు నిచ్చెనేసుకుని దించితే, పలకకి ఒక గుడ్డ తొడుగు. కుట్టగా మిగిలిన రంగురంగుల ముక్కలు కలిపి, లోపల పల్చగా దూది పరిచి, సరిగ్గా పలక కొలతకి భార్య కుట్టింది. మధ్యలో అడ్డంగా ఒక కుట్టు, అటు సగం ఇటు సగం. చివర్న నాడాలు. దుమ్ము పట్టకుండా వేసింది కాబోలు, ఎంత ఓపిక, అనుకున్నాడు. అటక మీది చెక్కకి దూది పరుపెందుకు వేస్తుందీ అని ఆలోచించి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. ఆలోచించలేదు. నాడాలు విప్పి, తొడుగు మడిచి మిషన్ మీద పెట్టాడు.

కోసిననాడు పసుపుముద్దలా ఉన్న చెక్క ఇప్పుడు తేనెరంగుకి తిరిగింది. అంచు కరిచిపట్టి మెటికతో కొట్టాడు.

పలికింది. పంటిలోంచి దవడకి, దవడనుంచి చెవుల వెనక్కి, అక్కణ్ణుంచి మెడ నరాల్లోకి దిగింది. వెంటనే పోలేదు. మెల్లగా, ఇంకా మెల్లగా, వెళ్ళలేక వెళ్ళినట్టు వెళ్ళింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. పలకని ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు మేస్త్రి. చూసేవాళ్ళెవరూ లేరు గనక కళ్ళు కూడా తుడుచుకోలేదు.

తెల్లారి పెన్సిలుతో గీత గీసి కోసేశాడు. పలక వెడల్పు చాలదు గనక రెండు ముక్కలు కోసి, పక్కపక్కన పెట్టి వజ్రం బంకతో అతికించి, బిగింపులు వేశాడు. చివర్న ఒక పొట్టి ముక్క మిగిలింది. ముందుగది నిండా పచ్చటి పొట్టు. అంచులు గుండ్రం చేసి, నడుం తీసి, మెడ పక్కన పొడుచుకొచ్చే పైకొమ్ము గడ్డం ఆనేలా మలిచాడు. అన్నం తినడం కూడా గుర్తుండేది కాదు.

ఆ పొట్టులోనే కూతురు దిగింది. వేరే ఊళ్ళో బడిలో డ్రిల్లు టీచరామె. మామూలుగా మాట్లాడితేనే మైదానం అవతలికి వినపడుతుంది. తండ్రికి అందేలా మాట్లాడీ మాట్లాడీ ఆ గొంతు వచ్చిందో, గొంతు ఉండబట్టి ఆ ఉద్యోగం వచ్చిందో, ఎవరూ ఆరా తియ్యలేదు. గుమ్మంలోంచే, ఏంటిది నాన్నా ఇల్లంతా అడితి చేశావు, అని కేకేసింది. అది అందింది. నవ్వాడు. చేస్తున్నదేమిటో చూపించాడు. ఆమె చెక్క మీద చెయ్యి వేసింది. తర్వాత మిషన్ మీద మడిచి పెట్టిన తొడుగు చూసింది. చూసి, దాన్ని చేతిలోకి తీసుకుని, గొంతు తగ్గించి ఏదో అంది.

ఈయన ఊఁ అన్నాడు.

ఆమె తలెత్తి అలాగే చూసింది. కళ్ళ నిండా నీళ్ళు. మళ్ళీ ఏదో అంది, ఈసారి పెదాలు వణికాయి, ఒక్క ముక్కా అందలేదు. ఈయన నోట్లోకి మళ్ళీ ఊఁ వచ్చింది. నాలుక చివరిదాకా వచ్చింది. ఆస్పత్రి మంచం గుర్తొచ్చింది. ఇంకెన్ని మాటలు ఇలా పోగొట్టుకోవాలి అనిపించింది. ఈమె కూడా వెళ్ళిపోతే అడగడానికి ఇక మనిషుండదు.

"వినపడలేదు తల్లీ" అన్నాడు. జన్మలో మొదటిసారి. "నాకు వినపడదు. ఎప్పట్నుంచో వినపడదు. మీ అమ్మ చెప్పినవేవీ వినపడలేదు. మళ్ళీ చెప్పు."

ఆమె చెప్పబోయింది. ఏడుపుకి డ్రిల్లు గొంతు కాస్తా పీలగా అయిపోయింది. మేస్త్రి గిటారు ఒళ్ళు ఎత్తి, ఒక కొమ్ము పంటితో పట్టుకుని, రెండో చివర చూపించి, ఇక్కడ గడ్డం ఆనించి చెప్పమని సైగ చేశాడు. తండ్రీకూతుళ్ళు చెరో కొసా పట్టుకుని నేలమీద కూర్చున్నారు. ఆమె చెక్కకి గడ్డం ఆనించి, లావుగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. సగం చెక్కలోంచి, సగం పెదాలమీంచి ఆయనకి చేరింది.

"ఇది బెంచీ పరుపు నాన్నా. ఈ పలకతో బెంచీ చెయ్యమని అమ్మ నిన్నడిగింది. సాయంత్రం గుమ్మం ముందు మీరిద్దరూ కూర్చోవడానికి. నువ్వు ఊఁ అన్నావట."

ఆయన కొమ్ము వదిలాడు. ఆవిడ మళ్ళీ ఎందుకు అడగలేదని అడిగి, తిరిగి పట్టుకున్నాడు.

"గట్టిగా అడగమ్మా అన్నాను. గట్టిగా అడిగితే, తనకి వినపడదని నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిసిపోతుంది కదే, సిగ్గుపడతారు, వద్దులే అంది అమ్మ."

అంటే ఆవిడకి తెలుసు. మొదట్నుంచీ తెలుసు. నేను అందగత్తెనా అని అడిగేదట, ఊఁ అనిపించుకునేదట, మా ఆయన కాదన్నదే లేదని ఫోన్లో కూతురితో చెప్పి నవ్వేదట. వినపడదని తెలిసీ పొద్దస్తమానం ఎందుకు చెప్పేదమ్మా అన్నాడు మేస్త్రి. చెబితేనే కదా నువ్వు పనాపి చూసేది అంది కూతురు.

ఇక మిగిలింది ఒక్కటే. ఏడాదినుంచి గొంతుకి అడ్డం పడ్డది.

"ఆస్పత్రిలో... ఆఖర్న ఏమడిగింది?"

కూతురు చెక్కమీంచి గడ్డం తీసింది. మళ్ళీ ఆనించింది.

"ఏవండీ, నా మాట వినపడుతోందా అని అడిగింది. నువ్వు ఊఁ అన్నావు. అమ్మ నవ్వి, నావైపు తిరిగి, ఇది అడితి ఊఁ, అంది."

అడితి పద్ధతి ఆవిడకి పెళ్ళయిన కొత్తలో మేస్త్రే చెప్పాడు. గొప్పగా చెప్పాడు కూడా, నా ఊఁ మీద ఎందరి చేతులో నిలబడి ఉన్నాయని. ఆవిడ మర్చిపోలేదు.

కూతురు నాలుగు రోజులుండి వెళ్ళింది. వెళ్ళేముందు, చెవుల మిషన్ సంగతి చూద్దామా అని అరిచి అడిగింది. వినపడింది, ఆలోచిస్తానన్నాడు. మైకుసెట్టు అతను వచ్చి తీగలు బిగించాడు. టేకు మెడ వంగలేదు.

మిగిలిన పొట్టి ముక్కకి నాలుగు కాళ్ళు వేశాడు మేస్త్రి. బెంచీ కాలేదు, ఒక్కరు కూర్చునే పీటయింది. దానిమీద ఆ తొడుగు పొడుగ్గా పరిస్తే అటూ ఇటూ వేలాడింది. మధ్య కుట్టు దగ్గర మడిచి, అటు సగం మీద ఇటు సగం వేస్తే సరిపోయింది. సాయంత్రాలు దాన్ని గుమ్మం ముందు వేసుకుని, గిటారు కొమ్ముకి గడ్డం ఆనించి కూర్చుంటాడు. పాటేం రాదు. ఎదురుగా కటింగు షాపతను చూస్తే, ముసలాడు తనలో తను ఏదో గొణుక్కుంటున్నట్టుంటుంది. ఇవాళ చింత చేవ ఇంకాస్త నున్నగా చేశాను. అమ్మాయి ఫోన్ చేసింది, సగం అర్థమైంది. నీ మిషన్‌కి నూనె వేశాను. ఒక్కో మాటా చెప్పి, అన్నిటికన్నా లావు తీగని బొటనవేలితో ఒక్కసారి మీటుతాడు.

ఊఁ, అంటుంది పనసచెక్క, ఆయన దవడలో. అది పూర్తిగా పోయేదాకా ఆగి, తర్వాతి మాట చెబుతాడు.